లైనక్స్ మింట్ తెరుచుకోవడం లేదా? ఫార్మాట్ కొట్టే ముందు ఇవి చూడండి

కంప్యూటర్ ఆన్ చేశారు. డెస్క్‌టాప్ రావాల్సిన చోట నల్లటి తెర. లేదంటే తెల్ల అక్షరాల వరసలు. లేదంటే పాస్‌వర్డ్ కొట్టిన ప్రతిసారీ మళ్ళీ పాస్‌వర్డే అడుగుతోంది. రిపేరు షాపుకి మోసుకెళ్తే మొదట వినిపించే మాట ‘ఫార్మాట్ కొట్టేద్దాం’. విండోస్‌తో అలవాటైపోయిన మందు అది. లైనక్స్‌లో ఆ మందు ఆఖరున వాడాలి. ఎందుకంటే బండి ఎక్కడ ఆగిందో చాలాసార్లు తెరమీదే రాసి ఉంటుంది. ఆ ఒక్క వాక్యం చదివి అర్థం చేసుకుంటే సగం పని అయినట్టే.

ఇక్కడ చెప్పేవి లైనక్స్ మింట్ 21, 22 వెర్షన్లకు సరిపోతాయి. 22కి పునాది ఉబుంటు 24.04 కాబట్టి ఉబుంటు వాడేవాళ్ళకూ చాలావరకు పనికొస్తాయి. మింట్ 20కి 2025 ఏప్రిల్‌తో అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇంకా అదే వాడుతుంటే ముందు రిపేరు చేసుకుని, తర్వాత కొత్త వెర్షన్‌కి మారండి.

కమాండ్లను కావాలనే తెలుగు అక్షరాల్లో రాశాం. ఇలాంటి రిపేర్లు ఎక్కువగా ఫోన్‌లోనే నడుస్తాయి: ఊళ్ళో నాన్నగారు కంప్యూటర్ ముందు కూర్చుంటారు, కొడుకో కూతురో హైదరాబాద్ నుంచో డల్లాస్ నుంచో చెబుతుంటారు. చదివి వినిపించడానికి వీలుగా ఉండాలి కదా. కొట్టేటప్పుడు మాత్రం అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. సుడో అంటే ఎస్, యు, డి, ఓ. ఆప్ట్ అంటే ఎ, పి, టి. గీతలు, స్లాష్‌లు, చుక్కలు, మధ్యలో ఖాళీలు ఇక్కడ ఎలా కనిపిస్తే అలాగే కొట్టండి. పెద్ద అక్షరం కావాల్సిన చోట విడిగా చెబుతాం.

ముందు ఎక్కడ ఆగిందో తేల్చుకోండి

బటన్ నొక్కినప్పటి నుంచి డెస్క్‌టాప్ దాకా దారిలో అయిదు మజిలీలు. మొదటిది మదర్‌బోర్డు, అంటే కంపెనీ లోగో కనిపించే క్షణం. రెండోది గ్రబ్: ఏ సిస్టమ్ తెరవాలో అడిగే మెనూ. విండోస్ పక్కన లేకపోతే ఇది మామూలుగా కంటికి కనబడదు. మూడోది కెర్నెల్, అంటే సిస్టమ్ గుండెకాయ, లేచి హార్డ్ డిస్క్‌ని అందుకోవడం, మింట్ లోగో తిరిగేది అప్పుడే. నాలుగోది లాగిన్ తెర. అయిదోది డెస్క్‌టాప్. మీ కంప్యూటర్ వీటిలో చివరగా దేన్ని చూపించిందో గుర్తుపెట్టుకోండి. కంపెనీ లోగో దాటకుండా ఆగిన కంప్యూటర్‌కి గ్రాఫిక్స్ డ్రైవర్ మార్చినా ఉపయోగం లేదు. లాగిన్ దాకా వచ్చిందంటే గ్రబ్ జోలికి వెళ్ళే పనే లేదు.

మొదలుపెట్టే ముందు మూడు పనులు. పెన్‌డ్రైవ్‌లు, ప్రింటర్, బయటి హార్డ్ డిస్క్ అన్నీ పీకేసి ఒకసారి మళ్ళీ ఆన్ చేయండి. బూట్ వరసలో, అంటే దేని నుంచి ముందు లేవాలో చెప్పే జాబితాలో, పెన్‌డ్రైవ్ ముందుండి కంప్యూటర్ దాన్నే పట్టుకుని కూర్చోవడం మామూలే. తర్వాత తెరమీద కనిపించిందాన్ని ఫోన్‌తో ఫోటో తీయండి. మూడోది, మింట్ ఐఎస్‌ఓ (ఇన్‌స్టాల్ చేసే ఫైలు) ఎక్కించిన పెన్‌డ్రైవ్ ఒకటి దగ్గర పెట్టుకోండి. ఫైలు దాదాపు 3 జీబీ ఉంటుంది, 4 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. పక్కింటి విండోస్ కంప్యూటర్‌లో రూఫస్ ప్రోగ్రామ్‌తో చేసుకోవచ్చు. ఇంట్లో ఉన్న ఒక్క కంప్యూటరూ పడుకుంటే ఆండ్రాయిడ్ ఫోన్‌కి ఓటీజీ తగిలించి ఎచ్‌డ్రాయిడ్ యాప్‌తో కూడా ఎక్కించవచ్చు.

పెన్‌డ్రైవ్ నుంచి తెరవాలంటే ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ కీ వరసగా తట్టాలి. గిగాబైట్ బోర్డులకు ఎఫ్12, ఏసస్‌కి ఎఫ్8, ఎంఎస్‌ఐకి ఎఫ్11. డెల్, లెనోవో కంప్యూటర్లకు ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9. పెన్‌డ్రైవ్ మింట్‌లో నెట్, సౌండ్, తెర అన్నీ బాగా పనిచేస్తే మీ హార్డ్‌వేర్ దాదాపుగా క్షేమం. తప్పు డిస్క్‌లో గానీ, దాని మీదున్న సిస్టమ్‌లో గానీ ఉంది. పెన్‌డ్రైవ్‌తోనూ అదే తంతు అయితే ర్యామ్, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై వైపు చూడాలి.

లోగో దగ్గరే ఆగితే

ఫ్యాన్ తిరుగుతోంది, తెర రాలేదు, బీప్‌లు వినిపిస్తున్నాయి అంటే ముందు ర్యామ్. ప్లగ్ పీకేసి, క్యాబినెట్ ఇనుప భాగాన్ని ఒకసారి ముట్టుకుని ర్యామ్ బయటికి తీయండి. బంగారు రంగు పళ్ళను మామూలు పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి, రెండు వైపులా క్లిక్ అనేదాకా నొక్కి పెట్టండి. రెండు ముక్కలుంటే ఒక్కొక్కటిగా పెట్టి చూడండి.

‘నో బూటబుల్ డివైస్’ అని వస్తే బయాస్‌లోకి, అంటే మదర్‌బోర్డు సొంత సెట్టింగ్స్‌లోకి వెళ్ళి డిస్క్ పేరు జాబితాలో ఉందో లేదో చూడాలి. లేకపోతే డిస్క్‌ని మదర్‌బోర్డుకి కలిపే సాటా కేబుల్‌ని రెండు చివర్లా తీసి పెట్టండి. పేరు ఉండీ బూట్ అవకపోతే బూట్ వరస చూడండి. ఇక్కడ చాలామంది తడబడే విషయం ఒకటుంది: మింట్ ఇన్‌స్టాల్ చేసినా యూఈఎఫ్‌ఐ (కొత్త కంప్యూటర్లలో పాత బయాస్ స్థానంలో ఉండేది) జాబితాలో దాని పేరు ‘ఉబుంటు’ అనే కనిపిస్తుంది. ‘మింట్ లేదు, పోయింది’ అనుకోకండి. విండోస్ పెద్ద అప్‌డేట్ తర్వాత ‘విండోస్ బూట్ మేనేజర్’ పైకెక్కి కూర్చుంటుంది. ‘ఉబుంటు’ని మళ్ళీ పైకి జరిపి సేవ్ చేస్తే చాలు.

బయాస్‌లో ఉన్నప్పుడే తేదీ కూడా చూడండి. ఏళ్ళ వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీది బిళ్ళ బ్యాటరీ అయిపోయింది. సీఆర్ 2032 అని అడిగితే గడియారాల షాపులో కూడా దొరుకుతుంది. తేదీ తప్పితే తర్వాత బ్రౌజర్ ప్రతి సైటునీ అనుమానిస్తుంది, అప్‌డేట్లు ‘నాట్ వ్యాలిడ్ యెట్’ అని మొరాయిస్తాయి. అప్పుడు జనం ఇంటర్నెట్ వాళ్ళని తిడుతుంటారు.

గ్రబ్ మెనూ పిలవడం

మిగతా రిపేర్లలో సగానికి ఈ మెనూయే ద్వారం. పాత బయాస్ కంప్యూటర్‌లో ఆన్ చేయగానే ఎడమ షిఫ్ట్ పట్టుకుని ఉంచండి. యూఈఎఫ్‌ఐ ఉన్నవాటిలో లోగో పోగానే ఎస్కేప్ ఒక్కసారి తట్టండి. ఎక్కువసార్లు తడితే ‘గ్రబ్’ అన్న మాట, పక్కన బాణం గుర్తు ఉన్న ఖాళీ తెర వస్తుంది. కంగారు అక్కర్లేదు, ‘నార్మల్’ అని కొట్టి ఎంటర్ చేస్తే మెనూ తిరిగొస్తుంది.

దానికదే ‘గ్రబ్ రెస్క్యూ’ అని వచ్చిందంటే మాత్రం వేరే సంగతి. గ్రబ్‌కి తన ఫైళ్ళు దొరకడం లేదు. విండోస్ నుంచి పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన భాగం) చెరిపినప్పుడు, జరిపినప్పుడు ఇలా అవుతుంది. పెన్‌డ్రైవ్ మింట్ తెరిచి, మెనూలో ‘బూట్ రిపేర్’ అని వెతికి ‘రికమెండెడ్ రిపేర్’ నొక్కండి. ఒక షరతు: సిస్టమ్ యూఈఎఫ్‌ఐలో ఇన్‌స్టాల్ అయి ఉంటే పెన్‌డ్రైవ్‌ని కూడా యూఈఎఫ్‌ఐ పద్ధతిలోనే తెరవాలి. బూట్ మెనూలో పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనబడితే ముందు ‘యూఈఎఫ్‌ఐ’ అని ఉన్నదాన్ని ఎంచుకోండి. తప్పు పద్ధతిలో తెరిచి రిపేర్ చేస్తే పని అయినట్టే కనిపిస్తుంది, ఫలితం ఉండదు.

కరెంటు పోయాక తెల్ల అక్షరాలు

వానాకాలంలో, ఈదురుగాలి వచ్చిన మర్నాడు ఎక్కువగా కనిపించే తెర ఇది. పైన ‘బిజీబాక్స్’ అన్న వరస, చివర కుండలీకరణాల్లో ‘ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్’ అన్న మాట, పక్కన మిణుకుమిణుకుమనే గీత. దాన్ని చూసి రీసెట్ బటన్ పదిసార్లు నొక్కేవాళ్ళున్నారు. ప్రతి నొక్కుడుకీ మళ్ళీ అదే వస్తుంది. అసలు విషయం దానికి పైన రెండు మూడు వరసల్లో ఉంది.

పై వరసల్లో ‘రన్ ఎఫ్‌ఎస్‌సీకే మాన్యువల్లీ’ అని ఉండి, దాని ముందు /డెవ్/ఎస్‌డీఏ2 లాంటి పేరు కనిపిస్తే అది ఫైల్ సిస్టమ్‌లో లెక్క తప్పడం. డిస్క్‌కి రాస్తుండగా కరెంటు పోయింది. మింట్ మామూలుగా వాడే ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4 తన చిట్టా చూసుకుని చిన్న తప్పులను తానే సరిదిద్దుకుంటుంది. తన వల్ల కానప్పుడు ఆగి మిమ్మల్ని అడుగుతోంది. అక్కడే ఇలా కొట్టండి:

ఎఫ్‌ఎస్‌సీకే -వై /డెవ్/ఎస్‌డీఏ2

ఎఫ్, ఎస్, సి, కె నాలుగూ కలిపి, ఖాళీ, గీత, వై, ఖాళీ, తర్వాత తెరమీద ఉన్న పేరు ఉన్నట్టుగా. మీది ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ అయితే పేరు ఎన్‌వీఎంఈ0ఎన్1పీ2 లాగా ఉంటుంది. మధ్యలో ఉన్నది సున్నా, ఓ కాదు. ‘వై’ అంటే ప్రతి తప్పుకీ ‘సరిచెయ్’ అని ముందే ఒప్పుకోవడం. అది పెట్టకపోతే వందల ప్రశ్నలు అడిగే అవకాశం ఉంది. పని ముగిశాక ‘ఎగ్జిట్’ అని కొడితే సిస్టమ్ తన దారిన లేస్తుంది. తెగిపోయిన ఫైళ్ళ ముక్కలు దొరికితే అవి ‘లాస్ట్+ఫౌండ్’ అనే ఫోల్డర్‌లో చేరతాయి.

డిస్క్ నుంచి టక టక శబ్దం వస్తున్నా, తెరమీద ‘ఐ/ఓ ఎర్రర్’ పదేపదే కనిపిస్తున్నా ఈ కమాండ్ కొట్టకండి. చెడిపోతున్న డిస్క్ మీద సరిదిద్దే పని పెట్టడమంటే జ్వరంతో ఉన్నవాణ్ణి మూటలు మోయమనడమే. ముందు పెన్‌డ్రైవ్ మింట్ తెరిచి ఫోటోలు, కాగితాలు బయటి డిస్క్‌కి కాపీ చేసుకోండి.

పై వరసల్లో ‘యూయూఐడీ … డజ్ నాట్ ఎగ్జిస్ట్’ అని ఉంటే జబ్బు వేరు. యూయూఐడీ అంటే పార్టిషన్ గుర్తింపు నంబరు. తెర అచ్చం అలాగే ఉంటుంది, మందు మాత్రం పనిచేయదు. అక్కడ డిస్క్ అసలు కనబడడమే లేదు. ఆఫ్ చేసి, కేబుల్ బిగించి, బయాస్‌లో డిస్క్ ఉందో లేదో చూసుకోండి.

ఎఫ్‌ఎస్‌సీకే తర్వాత సిస్టమ్ లేచినా పని ముగియలేదు. మెనూలో ‘డిస్క్స్’ తెరిచి, మీ డిస్క్ ఎంచుకుని, కుడివైపు పైన ఉన్న చుక్కల మెనూలో ‘స్మార్ట్ డేటా’ నొక్కండి. సాటా డిస్క్ అయితే పట్టికలో మూడు నంబర్లు చాలు. 5 అంటే పాడైన చోట్లకు బదులు వేరే చోట్లు వాడిన లెక్క. అది కొద్దిగా ఉండి పెరగకపోతే ఫర్వాలేదు, వారానికీ వారానికీ పెరిగితే కొత్త డిస్క్ కొనండి. 197 అంటే చదవడానికి మొండికేస్తున్న చోట్లు. అది సున్నా దాటితే ఆ రోజే బ్యాకప్. 199 పెరుగుతుంటే డిస్క్ తప్పు కాకపోవచ్చు, ముందు సాటా కేబుల్ మార్చి చూడండి. కొద్ది రూపాయల కేబుల్ మార్చాల్సిన చోట మంచి డిస్క్‌ని పారేసిన ఇళ్ళున్నాయి.

యూపీఎస్ ఉంది కదా అంటారా? దాని బ్యాటరీ ఎప్పుడు మార్చారో గుర్తుందా? పరీక్ష తేలిక. కంప్యూటర్‌ని బయాస్ తెరమీద ఉంచి యూపీఎస్ ప్లగ్ గోడ నుంచి పీకండి. ఆ తెరలో డిస్క్‌కి ఏమీ రాయడం ఉండదు కాబట్టి ఆగిపోయినా నష్టం లేదు. రెండు నిమిషాలు నిలబడలేకపోతే అది ఎక్స్‌టెన్షన్ బాక్సుతో సమానం.

అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే

‘కెర్నెల్ ప్యానిక్’, దాని దగ్గర్లో ‘అనేబుల్ టు మౌంట్ రూట్’ అని వస్తే కొత్త కెర్నెల్ సగం ఎక్కి ఆగిపోయి ఉండవచ్చు. బూట్ సమయంలో కావాల్సిన ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ ఫైలు తయారవకముందే పని తెగింది. గ్రబ్ మెనూలో ‘అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్’లోకి వెళ్ళి పైదాన్ని వదిలి రెండో కెర్నెల్ ఎంచుకోండి. మింట్ పాత కెర్నెల్‌ని ఊరికే ఉంచదు, ఇలాంటి రోజు కోసమే ఉంచుతుంది. అది లేచాక మెనూలో టెర్మినల్ (కమాండ్లు కొట్టే కిటికీ) తెరిచి వరసగా:

సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఎ
సుడో ఆప్ట్ --ఫిక్స్-బ్రోకెన్ ఇన్‌స్టాల్
సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యు -కె ఆల్
సుడో అప్‌డేట్-గ్రబ్

మొదటి కమాండ్‌లో కాన్ఫిగర్ ముందు రెండు గీతలు, ఎ ముందు ఒక్కటే. పాస్‌వర్డ్ అడిగినప్పుడు తెరమీద చుక్కలు కూడా కనిపించకపోవచ్చు. కీబోర్డు పనిచేయడం లేదని వదిలేయకండి, కొట్టి ఎంటర్ నొక్కండి.

‘కుడ్ నాట్ గెట్ లాక్’ అని అడ్డుపడితే వెనకాల అప్‌డేట్ మేనేజర్ ఇప్పటికే పనిలో ఉంది. పది నిమిషాలు ఆగండి. లాక్ ఫైలుని చెరిపేయమని చాలాచోట్ల సలహా ఇస్తుంటారు. నడుస్తున్న ఇన్‌స్టాలేషన్ కాళ్ళ కింద తివాచీ లాగడం అది. రీస్టార్ట్ చేసి చూడండి, అప్పటికీ రాకపోతే పైన చెప్పిన మొదటి రెండు కమాండ్లు సరిపోతాయి.

నల్ల తెర, మౌస్ బాణం కూడా లేదు

మింట్ లోగో దాటాక తెర నల్లబడితే అనుమానం గ్రాఫిక్స్ మీద. గ్రబ్ మెనూలో పై వరస మీద ఉండి ‘ఇ’ నొక్కండి. ‘లైనక్స్’ అనే మాటతో మొదలయ్యే పొడుగాటి వరస వెతకండి. దాని చివర్లో ‘క్వైట్ స్ప్లాష్’ అని ఉంటుంది. ఆ రెండు మాటలూ తీసేసి ‘నోమోడ్‌సెట్’ అని కలిపి కొట్టి ఎఫ్10 నొక్కండి. ఈ మార్పు ఈ ఒక్కసారికే, మళ్ళీ ఆన్ చేస్తే పోతుంది కాబట్టి భయపడనక్కర్లేదు. తెర పెద్ద అక్షరాలతో, మందంగా వస్తుంది. సరైన డ్రైవర్ ఎక్కించుకోవడానికి అది చాలు.

డెస్క్‌టాప్ వచ్చాక ‘డ్రైవర్ మేనేజర్’ తెరిచి సిఫారసు చేసిన ఎన్‌విడియా డ్రైవర్ ఎంచుకోండి. పాత కార్డులతో జాగ్రత్త: జీటీ 710 లాంటి కెప్లర్ తరం కార్డులకు 470 సిరీసే ఆఖరు. అంతకన్నా కొత్తది బలవంతంగా ఎక్కిస్తే మళ్ళీ నల్ల తెరే. బయాస్‌లో సెక్యూర్ బూట్ అనే భద్రతా అమరిక ఆన్‌లో ఉంటే డ్రైవర్ ఎక్కించేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది, రీస్టార్ట్‌లో నీలం రంగు తెర వస్తుంది. అక్కడ ‘ఎన్‌రోల్ మోక్’ ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ తెరను చూసి వైరస్ అనుకుని ‘కంటిన్యూ బూట్’ నొక్కేస్తే డ్రైవర్ డిస్క్ మీద ఉండీ పనిచేయదు.

పాస్‌వర్డ్ సరైనదే, అయినా లోపలికి రానివ్వడం లేదు

రెండు రకాలు. ‘పాస్‌వర్డ్ తప్పు’ అని చెబితే ముందు క్యాప్స్ లాక్, తర్వాత కీబోర్డు భాష. ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు పెట్టుకున్నవాళ్ళకు ఇది తరచూ తగిలే దెబ్బ. లాగిన్ తెరలో చుక్కలే కనిపిస్తాయి కాబట్టి మీరు కొట్టింది తెలుగులో పడుతోందో ఇంగ్లీషులోనో తెలియదు. తెర మూలలో కీబోర్డు గుర్తు ఉంటే దాన్ని నొక్కి ఇంగ్లీషుకి మార్చండి. పాస్‌వర్డ్‌ని ఎప్పుడూ ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టుకోండి. సెట్టింగ్స్‌లో కీబోర్డు జాబితాలో కూడా ఇంగ్లీషుని మొదటి స్థానంలో ఉంచండి.

రెండో రకం: తప్పనీ అనదు, ఒక్క క్షణం తెర నల్లబడి మళ్ళీ లాగిన్‌కే తోసేస్తుంది. దీనికి ముఖ్య కారణం డిస్క్ నిండిపోవడం. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. ల్యాప్‌టాప్‌లో ఎఫ్ఎన్ కీ కూడా పట్టుకోవాల్సి రావచ్చు. నల్ల తెరమీద పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్ళి ‘డీఎఫ్ -హెచ్’ అని కొట్టండి. కుడి చివర ఒంటి స్లాష్ ఉన్న వరసలో 100% అని ఉంటే దొంగ దొరికాడు. ఈ తెరమీద తెలుగు పేర్లున్న ఫైళ్ళు గళ్ళగళ్ళుగా కనిపిస్తాయి. అవి పాడవలేదు, ఈ తెరకి తెలుగు ఫాంట్ రాదు, అంతే.

చోటు ఖాళీ చేయడానికి:

సుడో ఆప్ట్ క్లీన్
సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం

రెండోదాని చివర ఎం పెద్ద అక్షరం. ఇంకా చాలకపోతే టైమ్‌షిఫ్ట్‌ని చూడాలి. సిస్టమ్ పాత స్థితులను స్నాప్‌షాట్లుగా దాచే, మింట్‌తో వచ్చే ఈ మంచి పరికరమే 30, 40 జీబీ పార్టిషన్ ఉన్న ఇళ్ళలో డిస్క్ నింపే మొదటి ముద్దాయి. ‘సుడో టైమ్‌షిఫ్ట్ --లిస్ట్’ కొడితే స్నాప్‌షాట్ల జాబితా వస్తుంది. ‘సుడో టైమ్‌షిఫ్ట్ --డిలీట్’ కొట్టి అన్నిటికన్నా పాతదాన్ని ఎంచుకోండి. తర్వాత డెస్క్‌టాప్‌లో టైమ్‌షిఫ్ట్ తెరిచి రోజువారీవి రెండు, వారానికోటి మాత్రమే ఉంచమనండి.

డిస్క్‌లో చోటు ఉండీ ఇదే జరుగుతుంటే ‘ఎల్ఎస్ -ఎల్ఎ’ కొట్టి .ఎక్స్అథారిటీ అనే ఫైలు వరస చూడండి. యజమానిగా మీ పేరు ఉండాల్సిన చోట ‘రూట్’ (అడ్మిన్) అని ఉంటే, ఎప్పుడో కిటికీలో తెరుచుకునే ఒక ప్రోగ్రామ్‌ని సుడోతో, అంటే అడ్మిన్ హక్కుతో తెరిచారు, అది ఆ ఫైలుని తన పేరున రాయించుకుంది. ఇలా పక్కకు పెట్టేయండి, ఎక్స్ మాత్రం పెద్ద అక్షరం:

సుడో ఎంవీ .ఎక్స్అథారిటీ పాతది

‘పాతది’ బదులు ఇంగ్లీషులో ఏ పేరైనా కొట్టవచ్చు. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7తో లాగిన్ తెరకి తిరిగి రండి. ఉబుంటులో అయితే ఎఫ్1. కొత్త ఫైలు దానంతటదే పుడుతుంది.

వైఫై లేదు, గడియారం అయిదున్నర గంటలు తప్పింది

డ్రైవర్ దించుకోవాలంటే నెట్ కావాలి, నెట్ రావాలంటే డ్రైవర్ కావాలి. ఈ ముడి విప్పడానికి ఫోన్ చాలు. ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. మింట్ దాన్ని వైరు నెట్‌లాగే తీసుకుంటుంది, ఏ డ్రైవరూ అక్కర్లేదు. ఇక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే బ్రాడ్‌కామ్ వైఫై చిప్‌లకు కావాల్సింది అదే చూపిస్తుంది.

కార్డు కనిపిస్తోంది గానీ ఆన్ అవడం లేదంటే ‘ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్’ కొట్టండి. ‘సాఫ్ట్ బ్లాక్డ్: యెస్’ అని ఉంటే ‘సుడో ఆర్‌ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ ఆల్’. ‘హార్డ్ బ్లాక్డ్’ అని ఉంటే ఏ కమాండూ పనిచేయదు, ల్యాప్‌టాప్ మీద విమానం గుర్తున్న కీ గానీ పక్కన చిన్న స్విచ్ గానీ వెతకండి. విండోస్ కూడా ఉన్న కంప్యూటర్లలో ఇంకో కారణం: విండోస్ ‘ఫాస్ట్ స్టార్టప్’ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నా అది నిజంగా పడుకోదు. వైఫై కార్డు దాని చేతిలోనే ఉండిపోవచ్చు, డీ డ్రైవ్ మింట్‌లో చదవడానికి మాత్రమే తెరుచుకుంటుంది. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో దాన్ని తీసేయండి.

అదే రెండు సిస్టమ్‌ల ఇంట్లో గడియారం సరిగ్గా అయిదున్నర గంటలు అటూ ఇటూ అవుతుంటే బ్యాటరీ తప్పు కాదు. మదర్‌బోర్డు గడియారాన్ని లైనక్స్ యూటీసీగా (ప్రపంచ ప్రామాణిక సమయంగా) చదువుతుంది, విండోస్ మన సమయంగా చదువుతుంది. మనకీ యూటీసీకీ ఉన్న తేడా అదే 5:30. మింట్‌లో ఒక్కసారి ‘టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1’ కొడితే రెండూ రాజీపడతాయి.

ఉన్నట్టుండి బిగుసుకుపోతే

మౌస్ కదలదు, ఏదీ నొక్కబడదు. పవర్ బటన్ పట్టుకుని చంపేయకండి, పైన చెప్పిన తెల్ల అక్షరాల తెరకి దారి అదే. ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ రెండూ పట్టుకుని ఎస్, యు, బి ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో రెండేసి సెకన్లు ఆగుతూ నొక్కండి. ఎస్ మిగిలిన రాతను డిస్క్‌కి ఎక్కిస్తుంది, యు డిస్క్‌ని చదవడానికి మాత్రమే అన్న స్థితికి తెస్తుంది, బి రీస్టార్ట్ చేస్తుంది. వీటికి ముందు ఆర్, ఇ, ఐ కూడా నొక్కమని చాలామంది చెబుతారు. ఉబుంటు, మింట్ మామూలు అమరికలో వీటిలో ఎస్, యు, బి మూడిటికే అనుమతి. మిగతావి నొక్కినా నష్టం లేదు, లాభమూ లేదు.

మళ్ళీ లేచాక ‘జర్నల్‌సీటీఎల్ -బి -1 -పి ఎర్ర్’ అని కొట్టండి. చివరి మాట ఇ, ఆర్, ఆర్. కిందటిసారి ఆన్‌లో ఉన్నప్పటి తప్పులు మాత్రమే వస్తాయి. చివరి పది వరసలు చూడండి. ‘అవుట్ ఆఫ్ మెమరీ’ అని ఉంటే ర్యామ్ చాలలేదు. 4 జీబీతో సినమన్ డెస్క్‌టాప్, క్రోమ్‌లో ఇరవై ట్యాబులు కలిసి బతకవు. ఇంకో 4 జీబీ వేయండి, లేదా మింట్‌లోనే తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ ఎడిషన్‌కి మారండి. ‘ఏటీఏ’, ‘ఎన్‌వీఎంఈ’ అన్న మాటలతో ఎర్రర్లుంటే మళ్ళీ డిస్క్, కేబుల్ దగ్గరికి.

ఏదీ కుదరకపోతే

నిన్నటిదాకా బాగుండి, అప్‌డేట్ తర్వాతే చెడితే టైమ్‌షిఫ్ట్‌తో వెనక్కి వెళ్ళండి. సిస్టమ్ లేవకపోయినా పెన్‌డ్రైవ్ మింట్ నుంచి టైమ్‌షిఫ్ట్ తెరిచి మీ డిస్క్ చూపిస్తే పాత స్నాప్‌షాట్లు కనిపిస్తాయి. మామూలు అమరికలో అది మీ హోమ్ ఫోల్డర్‌ని ముట్టుకోదు, కాబట్టి ఫోటోలు వెనక్కి పోవు. అదే కారణంగా ఫోటోలకు అది బ్యాకప్ కూడా కాదు.

స్నాప్‌షాట్ లేదంటే ఇక తిరిగి ఇన్‌స్టాల్ చేయడమే. ముందు పెన్‌డ్రైవ్ మింట్‌లోంచి హోమ్ ఫోల్డర్‌ని బయటి డిస్క్‌కి కాపీ చేయండి. కంట్రోల్, హెచ్ నొక్కి చుక్కతో మొదలయ్యే దాగిన ఫోల్డర్లను కూడా కలపండి, బ్రౌజర్ బుక్‌మార్కులు ఉండేది అక్కడే. హోమ్‌కి వేరే పార్టిషన్ ఉంటే ఇన్‌స్టాలర్‌లో ‘సమ్‌థింగ్ ఎల్స్’ ఎంచుకుని, ఒంటి స్లాష్ పార్టిషన్‌కి మాత్రమే ఫార్మాట్ టిక్ పెట్టండి. /హోమ్‌కి చోటు చూపించండి గానీ టిక్ పెట్టకండి. ‘ఇన్‌స్టాల్ నౌ’ నొక్కాక ఏయే పార్టిషన్లు ఫార్మాట్ అవుతాయో జాబితా చూపిస్తుంది. అందులో హోమ్ పార్టిషన్ పేరు కనబడితే ‘గో బ్యాక్’. యూజర్ పేరు అడిగినప్పుడు పాత పేరే, ఒక్క అక్షరం కూడా మారకుండా ఇవ్వండి. అప్పుడు పాత ఫోల్డర్‌నే తనదిగా తీసుకుని, వాల్‌పేపర్‌తో సహా పాత డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది.